దిష్టికి కొట్టిన మేకులు

2022 వానాకాలం. యాకుత్‌పురా స్టేషన్ వెనక మా రేకుల షెడ్డులో నీళ్ళ ట్యాంకులకు, తలుపులకు ఫైబర్‌గ్లాస్ పని చేస్తున్నాను. పడవలు ఎప్పుడో గానీ రావు. ఆ రోజు యాదయ్య అనే ఆయన వ్యానులో ఒకటి వేసుకొచ్చాడు. ఊరవతలి చెరువులో చేపలు పట్టుకుని బతికే మనిషి.

"అన్నా, ఇది నీళ్ళల్ల కూసుంటున్నది. ఇద్దరం ఎక్కితే అంచుదాక నీళ్ళొస్తున్నయ్. ఇది పోతే నా బతుకు ఆగమైతది."

"ఏడన్న పగిలిందా?"

"పగుల్లేదు. మా తమ్ముడు మల్లేశ్ కన్ను పడ్డది. ఇది కొన్నకాన్నుంచి వానికి కండ్లమంట. అందుకే వానితోని మాటలు బంద్ చేసిన."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "కన్ను పడితే బరువెక్కుతదా భాయ్? నీళ్ళు పోతే ఎక్కుతది," అన్నాను.

ఇలాంటి పడవకు అడుగున రెండు పొరలుంటాయి. తిరగబడినా మునగకుండా ఆ రెండింటి మధ్య ఫోమ్ నింపుతారు. అందులోకి ఒకసారి నీళ్ళు దిగాయంటే ఎండలో పెట్టినా ఆరదు, తవ్వి తీయాల్సిందే. గ్రైండర్‌తో పైపొర కోయగానే కుళ్ళు వాసన గుప్పుమంది. ఫోమ్ ముద్దను పిండితే నల్లటి నీళ్ళు కారాయి. తడి ఎటు ఎక్కువుందో చూసుకుంటూ పోయి పడవ ముక్కు దగ్గర ఆగాను. అక్కడ పైపొర నిండా బెజ్జాలే.

"ఇవేంది యాదయ్యా?"

"దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు కడ్తం గద. అవి తగిలిచ్చే మొల తుప్పు పడితే పక్కన ఇంకోటి కొడ్త. బరువైన కొద్దీ మస్తు కొట్టిన."

"నీళ్ళు పోయింది గీ బెజ్జాలకెల్లే. ఎవ్వరి కన్నూ పడలే. పోయి తమ్మునితోని మాట్లాడు."

యాదయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. "యాడికి పోవాలె అన్నా? మొన్న చలికాలంలనే సచ్చిపోయిండు. పాడె మొయ్య రమ్మని కబురు పెట్టిన్రు. నేను పోలే."

అంత విసురుగా చెప్పకుండా ఉండాల్సింది అనిపించి మనసు చివుక్కుమంది.

తడి ఫోమ్ అంతా తవ్వి తీసి, లోపల బాగా ఆరనిచ్చి కొత్త ఫోమ్ పోశాను. పైన ఫైబర్ మ్యాట్ పరిచి, రెజిన్ జిగురు పూసి మూసేశాను. పడవ తేలికైంది. యాదయ్య ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"ఇగ మొలలు కొట్టకు. నిమ్మకాయలు తాడుతోని కట్టుకో," అన్నాను.

"ఇగ ఎవని కన్నుకు కట్టాలె అన్నా?" అని వ్యాను ఎక్కాడు.

అప్పటినుంచి మా షెడ్డుకు ఏది వచ్చినా, తెచ్చినవాళ్ళతో మొదట ఒకటే మాట చెబుతున్నాను. కోసి చూసి, ఎందుకు చెడిందో నేను చెప్పేదాకా ఎవరితోనూ మాటలు మానెయ్యకండి.