చల్లారితేనే నిజం చెప్పే బండి

మా వీధి మెకానిక్‌ని అందరూ అనుమానం మామ అంటారు. అద్దంలో తన మొహం కనిపించినా గుర్తింపు కార్డు అడిగే రకం. తొమ్మిదో తరగతిలో నేను చదువుని వదిలేసి (చదువు ఇప్పటికీ బెంగ పెట్టుకుందని వినికిడి) ఆయన షెడ్డులో స్టూలెక్కి కూర్చున్నాను. కాబట్టి ఇది కళ్లారా చూసిన సంగతి. చిలవలు పలవలు ఉంటే అవి నావి, అసలు మాత్రం ఆయనది.

నీళ్ల డబ్బాలు వేసే ఆసామికి పాత పెట్రోలు పికప్ ఒకటుంది. కార్బ్యురేటర్ కాలం దాటి ఇంజెక్టర్లు వచ్చిన కొత్తలోది. దాన్ని నడిపేది ఆయన బావమరిది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే అంటుకుంటుంది, నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. పది నిమిషాలు ఎక్స్‌లేటర్ తొక్కి పట్టుకుంటే ఇక రోజంతా బంగారం. ఆలస్యమవుతోందని అప్పటికే రెండు హోటళ్లు డబ్బాలు మానేశాయి. బావమరిది ఇంకాసేపు పడుకోవడానికే బండిని ఏదో చేస్తున్నాడని ఆసామి అనుమానం. ఈ వారంలో తేలకపోతే తాళం లాక్కుని ఇంటికి పంపేస్తానని అందరి ముందూ చెప్పాడు.

మూడుసార్లు షెడ్డుకి తెచ్చారు. మూడుసార్లూ పిల్లిలా గుర్రుమంటూ నిలబడింది. మామ గాలి వెళ్లే దారి కడిగాడు, ప్లగ్గులు చూశాడు, బావమరిది జేబుల వంక కూడా చూశాడు. మూడోసారికి ఆయనకు వెలిగింది. మామని ఊరికే నిలబెట్టడం మర్యాద కాదని కుర్రాడు ప్రతిసారీ ఇంటి దగ్గరే బండిని బాగా వేడి చేసి తెస్తున్నాడట. జబ్బుని ఇంట్లో వదిలేసి మనిషిని డాక్టరు దగ్గరికి తెచ్చినట్టు.

ఆ సాయంత్రం బండిని షెడ్డులోనే ఉంచుకున్నాడు. బానెట్ చుట్టూ దారం కట్టి ముడి మీద ముడి వేశాడు. తాళం నడుముకి దోపుకున్నాడు. నన్నూ బయటికి పంపాడు, నా అంత నమ్మకస్తుణ్ణి.

పొద్దున నేను, ఆసామి, బావమరిది చేరేసరికి దారం చెక్కుచెదరలేదు. మామ ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. రాయిలా చల్లగా ఉంది. సెల్ఫ్ కొట్టాడు. నాలుగు దగ్గులు, ఆగిపోయింది. రాత్రి ఎవరూ ముట్టుకోలేదు కదా, ఆసామి మొహంలో బిగువు కొంచెం తగ్గింది.

ఇంజిన్ వేడి ఎంతుందో బండిలో ఉండే చిన్న కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్ ఒకటుంటుంది. చల్లగా ఉందని అది చెబితేనే కంప్యూటర్ పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తుంది. మామ దానికి మీటరు పెట్టాడు. చలిలో వేలల్లో ఉండాల్సిన అంకె వందల్లో ఉంది. ఇంజిన్ వణుకుతుంటే ఇది చెమటలు పడుతున్నాయని కబురు పంపుతోందన్న మాట. విప్పి వేడినీళ్లలో ముంచినా అంకె కదల్లేదు. కొత్తది బిగించి సెల్ఫ్ కొడితే ఇంజిన్ మొదట గట్టిగా అరిచి, మెల్లగా దిగి, నిలబడింది.

ఆసామి మాత్రం నిలబడలేదు. "ఇదన్న మాట సంగతి. మంచిది పీకి అమ్ముకుని, ఈ చచ్చుది పెట్టాడు," అన్నాడు.

బావమరిది బండి తుడిచే గుడ్డ మడత పెట్టి సీటు మీద పెట్టాడు.

మామ చేతిలో పాత సెన్సర్ ఉంది. దాని మీద గులాబీ రంగు చుక్క. తను బిగించిన ప్రతి సామాను మీదా అత్తయ్య గోళ్ల రంగు ఒక చుక్క పెడతాడాయన, ఎవరూ మార్చి తగాదా పెట్టకుండా. బొటనవేలు ఆ చుక్క మీదికి వెళ్లడం నేను చూశాను. ఒక్క గీకుడు చాలు. ఆయన నా వంక చూశాడు, కుర్రాడి వంక చూశాడు, వేలు తీసేశాడు.

"అతను కాదు, అన్నా. ఈ చుక్క నాది. పోయినేడు నేనే వేశా, వేరే పాత బండిలోంచి తీసి. ఊళ్లో అందర్నీ అనుమానించా గానీ, నా చేతిపనిని చూడనేలేదు."

ఆసామి వంగి ఆ చుక్కని చూశాడు. తర్వాత బండి ఆపి, తాళం తీసి బావమరిది వైపు చాపాడు. అతను తీసుకోలేదు. చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఇవాళ నువ్వే నడుపు బావా. ఎక్కడైనా ఆగిందనుకో, నా మీదికి రాకుండా ఉంటుంది."

ఆసామి ఎక్కాడు. షెడ్డు గేటు దాటకుండానే బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. క్లచ్ మీద కాలు ఎవరిదో అందరికీ కనిపిస్తూనే ఉంది. మామ ఎందుకో ఆకాశం వంక చూడటం మొదలుపెట్టాడు.