మొదటి ట్యాంకు వరుసలు

2023, మాఘమాసం. అంతకుముందు జూలైలో గోదావరి వరద మా లంకలన్నిటినీ ముంచి, పోతూ పోతూ జానెడు ఒండ్రు వేసి పోయింది. ఒండ్రు పడ్డ ఏడు వంగ, బీర, దోస ఏది వేసినా విరగకాస్తుంది. నిడదవోలుకూ గోదావరి గట్టుకూ మధ్య ఒక ఊళ్లో నాకు ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. గట్టుకు ఇవతల రెండో పంటగా దాళ్వా వరి, అవతల ఏటి మధ్య లంకలో కూరగాయలు. రెండు వైపుల రైతులూ మందు కోసం నా దగ్గరికే వస్తారు.

ఆ ఏడు లంకలో వీరవేణి అనే కౌలు రైతు వంగతోటకు వెర్రితెగులు వచ్చిందని, పీకెయ్యమంటే వినలేదని, అందుకే భూమి పోయిందని మా చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తోటకు వెర్రితెగులు రాలేదు. వచ్చిందని చెప్పింది నేను. రాలేదని తెలిశాక కూడా నోరు మూసుకున్నదీ నేనే.

ముందు మా వ్యాపారంలో ఒక అలవాటు చెప్పాలి. షాపులో మందు కొన్న రైతుకు ఆ పూటకు స్ప్రేయర్ ఊరికే ఇస్తాం. వీపుకు తగిలించుకునే పదహారు లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్. మేమంతా దాన్ని ట్యాంకు అంటాం. పొద్దున పట్టుకెళ్లి, సాయంత్రం కడిగి తెచ్చి కొక్కేనికి తగిలిస్తారు. కడగడమంటే కాలవలో రెండుసార్లు ముంచి, కుదిపి, పారబోయడమే. ఇరవై ఏళ్లలో అంతకు మించి కడగమని నేను ఎవరికీ చెప్పలేదు. నేనూ కడగలేదు.

ఆ మాఘంలో ఒకరోజు నా సొంత దాళ్వా చేలో కలుపుమందు కొట్టుకున్నాను. టూ-ఫోర్-డి అంటారు. గడ్డిజాతి మొక్కను ఏమీ చెయ్యదు, వెడల్పాకు మొక్కను చంపుతుంది. వరి గడ్డిజాతి కాబట్టి బతుకుతుంది, చేలో కలుపు మాడుతుంది. వంగ, టమాటా, మిరప, బీర, అన్నీ వెడల్పాకువే. వాటికి ఈ మందు చుక్క తగిలినా చాలు. పని అయ్యాక ట్యాంకును కాలవలో ముంచి, కుదిపి, తెచ్చి కొక్కేనికి తగిలించాను.

మర్నాడు పొద్దున్నే వీరవేణి వచ్చింది. నలభై దాటిన మనిషి. భర్త ఇసుక పడవ మీద పనికి వెళతాడు, సేద్యమంతా ఆవిడదే. భాస్కరరావు గారి లంక భూమి అరవై సెంట్లు కౌలుకు తీసుకుని వంగ వేసింది. కాయ తొలిచే పురుగుకు మందు అడిగితే ఇచ్చాను. ట్యాంకు కూడా కొక్కెం మీంచి తీసి నా చేత్తోనే ఇచ్చాను.

"కడిగిందేనాండి?"

"నిన్న నేనే కడిగి పెట్టానమ్మా."

ఆరో రోజున ఒక మొక్కను వేళ్లతో సహా పట్టుకొచ్చి కౌంటరు మీద పెట్టింది. మొవ్వు మెలితిరిగి ఉంది. లేతాకులు వెడల్పు పోయి, ఈనెలు దగ్గరకొచ్చి, పట్టీల్లా సన్నబడ్డాయి. షాపులో జనం ఉన్నారు. తిప్పి కూడా చూడకుండా చెప్పాను.

"వెర్రితెగులు. పీకెయ్యడమే. ఉంచితే పక్క చేలకు పాకుతుంది."

వెర్రితెగులు నిజంగానే వంగకు వస్తుంది. ఆకులు చిన్నవై, మొక్క పొదలా అయిపోయి, పూత ఉండదు. దీపపు పురుగులు దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోస్తాయి. కాని అది ఒక మొక్క ఇక్కడ, ఒక మొక్క అక్కడ మొదలై నెమ్మదిగా పెరుగుతుంది. ఆరు రోజుల్లో వరుసలు వరుసలుగా రాదు. ఆ మాట నాకు తెలియనిది కాదు. ఆకు ముడుచుకుంటే తెగులు అనడం నోటికి అలవాటైపోయింది, అంతే. అక్కడి వరకు నాది పొరపాటు.

నేనన్న తెగులు మాట నాకంటే ముందు లంకకు చేరింది. పక్క చేను సత్తిబాబుది, అతనిదీ వంగే. రెండో రోజుకల్లా భాస్కరరావు గారిని వెంటబెట్టుకుని షాపుకొచ్చాడు. "మీరొచ్చి నలుగురిలో చెప్పండి. ఆడమనిషి, మా మాట వినట్లేదు" అన్నాడు. తగువు తీర్చే పెద్దమనిషిలా వెళ్లాను.

వీరవేణి గట్టు మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది గాని నమస్కారం పెట్టలేదు.

"రండి, మీరే చూడండి" అని నన్ను చేలోకి తీసుకెళ్లింది. "ఇక్కడ మొదలెట్టానండి మందు కొట్టడం. ఇదిగో, ఈ ఆరు వరుసలు మొదటి ట్యాంకు. ఒక్క మొక్కా బాగోలేదు. ఇవతల ఆరు రెండో ట్యాంకు. మొవ్వులే ముడుచుకున్నాయి. మూడో ట్యాంకు వరుసల్లో వెతుక్కోవాలి. ఆ తర్వాత చివరి దాకా చూడండి, కాయ ఎలా దిగుతుందో."

చెయ్యి దించి మా వైపు తిరిగింది.

"తెగులు కూడా ట్యాంకులు లెక్కబెట్టుకుని వస్తుందాండి?"

సత్తిబాబు నవ్వాడు. "నీ వరుసలు నువ్వు లెక్కబెట్టుకుంటూ కూర్చో వేణమ్మా. ఈలోపు అది నా చేలోకొచ్చి నా వరుసలు లెక్కబెడుతుంది."

నేను నవ్వలేదు. ఆవిడ రెండో ట్యాంకు దగ్గరికి వచ్చేసరికే నాకు అర్థమైపోయింది. నా కలుపుమందు ట్యాంకులోనే కాదు, గొట్టంలో, నాజిల్లో, రబ్బరు వాషర్లలో పట్టుకుని ఉంది. మొదటి ట్యాంకుతో ఎక్కువ పోయింది, రెండో ట్యాంకుతో మిగిలింది పోయింది, మూడోదానికి దాదాపు కడుక్కుపోయింది. ఆవిడ నాకు చూపించింది తెగులును కాదు, నా చేతి పనిని.

"ట్యాంకులో ఏమన్నా ఉందేమోనండి" అంది, నా మొహంలోకి చూస్తూ.

"నా ట్యాంకు శుభ్రం" అన్నాను. "నువ్వే మందు మోతాదు ఎక్కువ వేసుంటావు. ఆ పైన తెగులు. పీకెయ్యి."

ఇదే తప్పు. ఆ మధ్యాహ్నం ఆ ఒక్క మాటకు బదులు ఇంకో మాట అని ఉంటే సరిపోయేది. ఊళ్లో పరువు, షాపు పేరు, రేపటి నుంచి ప్రతివాడూ మాడిన ఆకు పట్టుకుని వస్తాడన్న భయం, ఇవన్నీ ఒక్కసారి అడ్డం పడ్డాయి. అవి కారణాలే. సాకులుగా చెప్పడం లేదు.

భాస్కరరావు గారు మెత్తగా మాట్లాడే మనిషి. "అమ్మా, తెలిసినాయన చెబుతున్నారు. చేనంతా పీకెయ్యి. లేదంటే వచ్చే ఏడు కౌలు సంగతి నేను మాట ఇవ్వలేను" అన్నారు.

"మాడిన పన్నెండు వరుసలు పీకుతానండి" అంది వీరవేణి. "మిగతాది నిండుగా కాస్తోంది, నా బిడ్డ లాంటిది. దాని మీద చెయ్యెయ్యను, ఎవర్నీ వెయ్యనివ్వను. కౌలు మీ ఇష్టం."

అన్నంత పనీ చేసింది. పన్నెండు వరుసలు పీకి గట్టు మీద ఎండబెట్టింది. మిగతా చేను ఎండాకాలం దాకా కాసింది. సత్తిబాబు చేలోకి ఏదీ పాకలేదు. పాకడానికి అక్కడ ఏమీ లేదు కదా. అయినా సంతలో 'తెగులు చేను కాయలు' అని ఆవిడ గంపల దగ్గర ఎవరూ ఆగలేదు. మరుసటి ఏడు భూమి సత్తిబాబుకు ఇచ్చారు. "తెగులు లేకపోవచ్చు, మాట వినని మనిషి" అన్నారు భాస్కరరావు గారు. తోట బతికి, ఆవిడ చెప్పిందే నిజమని కళ్లముందు తేలినా శిక్ష మాత్రం ఆవిడకే పడింది.

రెండేళ్లు నేను ఏమీ చెప్పలేదు. గడిచిపోయిందిలే అనుకున్నాను.

ఒకరోజు ఆవిడ వేరే చోట వేసిన బీరకు మందు కోసం షాపుకొచ్చింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఒకడు, "ఏంటి వెర్రితెగులు వేణమ్మా, ఈసారి బీరకు అంటించావా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. షాపతను కదా, గిరాకీతో పాటు నవ్వడం అలవాటు. ఆవిడ అన్నవాడి వైపు చూడలేదు. నా వైపు చూసింది. మందు సీసా తీసుకుంది. నేను ట్యాంకు కోసం చెయ్యి చాచబోతే, "ట్యాంకు వద్దులెండి" అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పాయ దాటి ఆవిడ బీర పందిరి దగ్గరికి వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. అప్పట్లో ఆవిడకు ట్యాంకు ఇచ్చిన ముందు రోజు నా చేలో ఏ మందు కొట్టానో, ఎలా కడిగానో, ఎప్పుడు అర్థమైందో, అన్నీ.

ఆవిడ తీగ కడుతూనే వింది.

"నాకు తెలుసండి. వరుసలు లెక్కబెట్టింది నేనే కదా."

"తెలిసీ అడగలేదే?"

"అడిగానండి. నలుగురిలో అడిగాను. మీరు నలుగురిలో చెప్పారు. ఇప్పుడు ఒక్కరే వచ్చి నాకు చెబితే ఏం లాభం? ఆ నలుగురికీ చెప్పండి."

జరిగిన నష్టం ఇస్తానన్నాను. ఆవిడ వద్దంది అని రాస్తే ఈ కథ అందంగా ఉంటుంది. వద్దనలేదు, తీసుకుంది. తీసుకోవాల్సిందే.

రైతు సేవా కేంద్రంలో తర్వాత జరిగిన సమావేశంలో లేచి నిలబడి చెప్పాను. సత్తిబాబు ముందు వరుసలోనే ఉన్నాడు. "అయితే ఏంటండీ ఇప్పుడు? ఆ భూమి నన్ను వదిలెయ్యమంటారా?" అన్నాడు.

"అది నీకూ భాస్కరరావు గారికీ మధ్య. నువ్వు వెర్రితెగులు అన్న మాట వదిలెయ్యి."

అతను భూమి వదల్లేదు. భాస్కరరావు గారు తిరిగి ఇవ్వలేదు. నేను ఒప్పుకున్నంత మాత్రాన పోయింది వెనక్కి రాలేదు. అదీ రాయాలి.

ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి మా బావ, ఆయనదీ ఇదే వ్యాపారం, ఫోన్ చేశాడు. "బుద్ధుందా బావా? నీ ట్యాంకని రాసుకున్నావంటే, రేపు ఎవడి చేను మాడినా నీ గుమ్మం ముందే కూర్చుంటాడు."

"కూర్చోనీ."

"మా గుమ్మాల ముందు కూడా కూర్చుంటారు."

"మీరూ ట్యాంకులు కడుక్కోండి."

తోటి వ్యాపారులు ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడ్డం మానేశారు. మానెయ్యనీ. ఇరవై రెండేళ్లు ముడుచుకున్న ప్రతి ఆకుకూ తెగులని పేరు పెట్టి మందు అమ్మాను. వాటిలో ఎన్ని తెగుళ్లో, ఎన్ని ట్యాంకులో ఇప్పుడు నాకు తెలియదు. ఆ తెలియకపోవడం నన్ను ఎక్కువ బాధిస్తుంది.

రైతులకు చెప్పాల్సింది ఇది. కలుపుమందుకు వేరే ట్యాంకు పెట్టుకోండి. నా షాపులో దానికి ఎర్ర రంగు వేసి వేరే కొక్కేనికి తగిలించాను. దాన్ని కూరగాయల రైతు కాళ్లు పట్టుకున్నా ఇవ్వను. ఒకటే ట్యాంకుంటే, మూడుసార్లు నీళ్లతో కడిగి, బట్టల సోడా కలిపిన నీళ్లు నింపి, గొట్టంలోంచి నాజిల్లోంచి కొంత బయటికి కొట్టి, రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున మళ్లీ మంచినీళ్లతో కడగండి. నాజిల్, జల్లెడ, వాషర్లు విప్పి విడిగా కడగండి. ఆ నీళ్లు కాలవలో పోయొద్దు. కిందివాళ్లు ఆ నీళ్లే తోటలకు తోడుకుంటారు. మందు కొట్టిన వరిచేలోనే పారబోయండి. ఇంత చేసినా అనుమానం తీరకపోతే ఆ ట్యాంకులో మంచినీళ్లు పోసి రెండు మూడు మొక్కల మీద మాత్రం కొట్టి, వారం ఆగండి. అవి బాగుంటేనే చేలోకి దిగండి.

నా షాపు ముందు రెండు డబ్బాల్లో వంగ మొక్కలు ఉంటాయి. పురుగుమందుల షాపు వాడికి వంగ మొక్కలేంటని కొత్తవాళ్లు అడుగుతారు. ఊరికే ఇచ్చే ట్యాంకు కడిగిన నీళ్లు వారం వారం వాటి మీద కొడతాను. ఒకసారి ఒక డబ్బాలో మొవ్వు మెలితిరిగింది. ఆ ట్యాంకును ఆ రోజే పక్కన పడేశాను.

ఇప్పుడు ఎవరైనా ముడుచుకున్న ఆకు తెస్తే నా మొదటి ప్రశ్న తెగులు గురించి కాదు. "ఏ ట్యాంకుతో కొట్టారు? అంతకు ముందు దాంట్లో ఏం పోశారు? ముడత ఎన్ని వరుసల్లో ఉంది?" మూడో ప్రశ్న వీరవేణిది. ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

ఆవిడ మళ్లీ నా దగ్గరికే వస్తోంది. ట్యాంకు చేతికిస్తే ముందు మూత తీసి, తల వంచి, వాసన చూస్తుంది. వాసన లేకపోతే శుభ్రమని కాదని ఆవిడకూ తెలుసు. అయినా చూస్తుంది. తర్వాత గుమ్మంలోకి వెళ్లి, డబ్బాల్లో వంగ మొక్కల మొవ్వులు వేళ్లతో విప్పి చూస్తుంది. బెంచీ మీదవాళ్లంతా చూస్తూ ఉంటారు. నేను కౌంటరు దిగి వచ్చి, ఆవిడ చూడ్డం అయ్యేదాకా పక్కన నిలబడతాను.