తైవాన్ అంకుల్ విసిరిన ఆఖరి బంతి

ఆటవస్తువుల షాపులో తోలు గ్లవ్ వాసన తగిలితే, చిన్నప్పుడు సింగపూర్ చోవా చూ కాంగ్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండే తైవాన్ అంకుల్ గుర్తొస్తారు. ఒకప్పుడు పేరున్న బేస్‌బాల్ ఆటగాడు. భుజం దెబ్బతిని ఆట మానేశారు. ఇంటినిండా ఆయన గెలిచిన కప్పులే.

"ఆయన స్టార్టింగ్ పిచ్చర్ అమ్మా. ముందు బంతులేస్తాడు, అలిసిపోతే ఇంకొకళ్ళొచ్చి ముగిస్తారు," అన్నారు నాన్న నాతో.

పాపం, ఆయన్నెవరూ చివరిదాకా ఆడనివ్వలేదనుకున్నాను. మర్నాడు బ్లాక్ కింద ఆడుకుంటూ నా బంతి ఆయన చేతిలో పెట్టాను.

"అంకుల్, లాస్ట్ బాల్ యూ త్రో లా. టుడే యూ ఫినిష్," అన్నాను మా సింగపూర్ ఇంగ్లీషులో.

ఆయన నొప్పి చేతిని కాస్తే ఎత్తి మెల్లగా విసిరారు. "థాంక్యూ, గర్ల్," అన్నారు.

ఆ ఇంట్లోని చాలా కప్పులు ఆయనొక్కరే చివరిదాకా బంతులేసి గెలిచినవని నేను పెద్దయ్యాక ఆయన భార్య చెప్పారు. ఆయన మాత్రం ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు.