శబ్దం వచ్చాక కూడా నొక్కుతూనే ఉన్నాను

ఆ ఆదివారం ఆరాధనలో రెండో కీర్తన వాయిస్తుండగా నా కుడి మోచేయి బయటి పక్క చురుక్కుమంది. చీమ కుట్టిందనుకుని పాట పూర్తి చేశాను. ఇంటికొచ్చి చాయ్ గిన్నె దింపబోతే చేతిలో పట్టు లేదు. గిన్నె జారి చాయంతా గట్టు మీద పారింది. తుడిచి గుడ్డ పిండబోయినప్పుడు తెలిసింది అసలు నొప్పి.

నాకు నలభై ఆరేళ్లు. సొంతూరు ఖానాపూర్, కరీంనగర్‌లో ఒక బడిలో టీచర్‌ని. పెళ్లి చేసుకోలేదు. అవ్వా బాపూ పోయారు. ఒక్కదాన్నే ఉంటాను. మా చర్చిలో ఎప్పటిదో పాత పియానో ఉంది. ఇరవై ఏళ్లుగా దాన్ని వాయించేది నేనే. చర్చిలో అందరూ నన్ను పియానో టీచరమ్మ అనే పిలుస్తారు. అది వాయించలేకపోతే నేను ఎవరికీ ఏమీ కాను. నొప్పికంటే ఆ భయమే ఎక్కువగా పట్టుకుంది.

రెండు వారాలు బామ్ రాసి, తగ్గక, ఎముకల డాక్టర్ దగ్గరికి పోయాను. ఎక్స్‌రే నార్మల్. ఆయన మోచేతి ఎముక మీద వేలు పెట్టి నొక్కగానే కెవ్వుమన్నాను.

“టెన్నిస్ ఎల్బో అమ్మా.”

“టెన్నిసా! నేనెన్నడు బ్యాట్ పట్టలే సార్.”

“పట్టనోళ్లకే ఎక్కువొస్తది. కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్ దెబ్బతిన్నది. ఆరు వారాలు రెస్ట్. పియానో బంద్.”

మోచేతి కింద బెల్ట్ కట్టుకుని నాలుగు వారాలు బుద్ధిగా ఉన్నాను. నొప్పి తగ్గింది. అంతలో క్రిస్మస్ ప్రాక్టీసు మొదలైంది. నేను లేకుండా ఎట్లా జరుగుతుందని బెల్ట్ తీసి పడేసి రెండు గంటలు వాయించాను. తెల్లారి చాక్‌పీస్ ఎత్తలేకపోయాను. డాక్టర్‌కు కోపం వచ్చింది. “నీకు నువ్వే డాక్టర్‌వైతే నా దగ్గరికెందుకొచ్చినవమ్మా?” అని స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాడు. రెండు నెలలు హాయిగా ఉంది. మళ్లీ మొదటికొచ్చింది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. జడ వేసుకోవడానికి చెయ్యి లేచేది కాదు. పక్కింటి లక్ష్మక్క రెండు రోజులు వేసింది. ఆమె భర్త దుబాయ్‌లో ఉంటాడు, ఇంటి పనీ పొలం పనీ ఆమెదే. మూడో రోజు తలుపు కొట్టడానికి నామోషీ అనిపించి, పోయి జుట్టు భుజాల దాకా కత్తిరించుకొచ్చాను. చర్చిలో నా చోట ఆటోమేటిక్ రిథమ్ వచ్చే కీబోర్డు పెట్టారు. పాట బాగానే సాగింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేను చివరి బెంచీలో కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకునేదాన్ని. ఆరాధనయ్యాక “ఎట్లున్నది టీచరమ్మా” అని అడిగేవాళ్లు. నేను జవాబు చెప్పేలోపు చెప్పులు వేసుకుని పోయేవాళ్లు.

చివరికి డాక్టర్ ఫిజియోథెరపీకి పంపాడు. ఫిజియో భైంసా అమ్మాయి. మొదటి రోజే, “టేబుల్ మీద వాయించి చూపియ్యక్కా” అంది. వాయించాను. నా వేళ్ల వైపు చూసి నవ్వింది.

“సప్పుడు ఎప్పుడొస్తది?”

“నొక్కంగనే.”

“మరి వచ్చినంక గూడ గింత గట్టిగెందుకు అదుముతున్నవ్?”

జవాబు ఇంటికి పోతుంటే ఆటోలో తట్టింది. నాకు బాపు నేర్పింది హార్మోనియం. దానిమీద మెట్టు నొక్కి పట్టినంతసేపే స్వరం ఉంటుంది. పియానోలో తీగకు దెబ్బ తగలగానే పని అయిపోతుంది, ఆ తర్వాత ఎంత అదిమినా శబ్దం పెరగదు. చర్చిల్లో వాయించేవాళ్లలో చాలామంది హార్మోనియం నుంచే పియానోకొచ్చారు, ఈ తేడా ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్లు అయిపోయిన శబ్దాన్ని అదుముతూ కూర్చున్నానన్నమాట!

మర్నాడు ఫిజియో నా ముంజేతి కింద తన అరచెయ్యి పెట్టింది. “నీ చెయ్యి బరువంత నాకియ్యి.”

“ఇచ్చిన.”

ఆమె తన చెయ్యి తీసేసింది. నాది గాలిలో అట్లాగే నిలబడి ఉంది.

“ఏడ ఇచ్చినవక్కా? నువ్వే మోస్తున్నవ్.”

ఎన్నిసార్లు చేసినా అంతే. వదలమంటే వదలడం రాలేదు. నా బరువు ఒకరి మీద వేసి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టబోయి ఆమె ముందే భోరున ఏడ్చాను. ఆమె అరచెయ్యి మళ్లీ నా ముంజేతి కింద పెట్టి, ఈసారి తియ్యలేదు. కాసేపటికి నా చెయ్యి దాని మీద వాలింది.

తర్వాత ఫోన్‌లో పియానో పాఠాలు చూశాను. దీన్నే ఆర్మ్ వెయిట్ అంటారట. వేలితో పొడవకుండా, భుజం నుంచి వేలాడే చేతి బరువును వేలి మీదికి వాలనివ్వాలి. మెట్టు అడుగుకు చేరగానే, దాన్ని అక్కడ నిలపడానికి కావాల్సినంత ఉంచి మిగతాది వదిలెయ్యాలి. ముంజెయ్యి మెట్లతో సమంగా వచ్చేలా కుర్చీ మీద దుప్పటి మడిచి వేసుకున్నాను. మొదట రోజుకు ఐదు నిమిషాలు. ఒక్కో కీర్తనగా అన్నీ మళ్లీ నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు నొప్పి దాదాపు లేదు. కీబోర్డు మాత్రం పోలేదు. పియానో మీద నాకు నెలకొక పాట ఇస్తున్నారు. మిగతా రోజుల్లో శనివారం మధ్యాహ్నం ఖాళీ చర్చిలో కూర్చుని వాయించుకుంటాను. వినేవాళ్లుండరు. దిగులుగానే ఉంటుంది, లేదని అబద్ధమాడను.

మీకు చెప్పేది ఒక్కటే. వాయించే ముందు మీ చేతిని ఎవరినైనా పట్టుకోమని, బరువు ఇవ్వండి. వాళ్లు చెయ్యి తీస్తే మీది కిందికి పడాలి. గాలిలో నిలబడితే ఆ రోజు వాయించకండి. ఇంట్లో ఎవరూ లేరంటారా? పక్కింటి తలుపు కొట్టండి. నేను చెయ్యి పట్టుకోమని అడగడానికి పోయి, జుట్టు ఎందుకు కత్తిరించుకున్నానో చెబితే లక్ష్మక్క నన్ను బాగా తిట్టింది. “జడ కోసం నా తలుపు కొట్టుడు చాతగాక జుట్టు కోసుకుంటవానే? నేను సచ్చిన్నా?” అంది. ఇప్పుడు ప్రతి శనివారం చర్చికి పోయే ముందు ఆమె గుమ్మంలో నిలబడి చెయ్యి చాస్తాను. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని పట్టుకుంటుంది.

“ఇయ్యాల మంచిగ బరువున్నది. పో, వాయించుకో.”