శామీర్‌పేట పక్క ఫ్రెంచి ఊరు

వానాకాలం వస్తే మా ఇంట్లో బనియన్లు ఆరవు. ఫ్యాను కింద రెండు రోజులు వేలాడదీసినా, తొడుక్కుంటే ఒంటికి చల్లగా అతుక్కుంటాయి. బాల్కనీలో ఆరేద్దామంటే కాలనీ రూలు ఒప్పుకోదు. ఫ్రాన్సులో బాల్కనీల నుంచి పూలు వేలాడతాయట, బనియన్లు కాదట.

శామీర్‌పేట దాటాక, హైదరాబాదు ఇక అయిపోయిందిలే అనుకునే చోట ఉంటుంది మా ఫ్రెంచి ఊరు. దాని పేరు నోరు తిరగక ఆటోవాళ్లు "గా ఇనుప టవర్ కాడ" అంటారు. టవరు నిజంగానే ఉంది, మూడంతస్తుల ఎత్తు. దాని కొసన సెల్‌ఫోను యాంటెన్నా బిగించారు. ఫ్రెంచి రొట్టెల కొట్టు కూడా ఉంది. అందులో మిర్చిబజ్జీలు బాగా అమ్ముడుపోతాయి. ఉండేవాళ్లం చాలామంది కోస్తా జిల్లాల ఉద్యోగస్థులం. మాలో ఫ్రాన్సు చూసినాయన ఒక్కరే, అదీ విమానం మారడానికి దిగి.

ఫౌంటెన్ పక్కన వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి ఒకటుంది. పక్క పల్లెవాళ్ల మైసమ్మ. బిల్డరు తన బ్రోషరులో దానికి 'శిల్పవనం' అని పేరు పెట్టాడు. పల్లెవాళ్లు మాత్రం ఏటా ఆషాఢంలో వచ్చి బోనం పెట్టి పోయేవారు. ఈ ఏడు కాలనీ చుట్టూ గోడ పూర్తయింది. బయటివాళ్లు లోపలికి రావాలంటే ఎవరో ఒక ఇంటివారు ఫోనులో అనుమతి నొక్కాలని రూలు వచ్చింది. రాసింది నేనే. కమిటీలో నా దస్తూరీ బాగుంటుందన్నారు, కాదనలేకపోయాను.

బోనాల ఆదివారం పొద్దున గార్డు ఫోను చేశాడు. వెళ్లేసరికి గేటు అవతల ఒక ముసలావిడ. నెత్తిన బోనం, దాని మీద దీపం. పక్కన వేపకొమ్మలు పట్టుకుని కోడలు.

"గంట సంది నిలవడ్డరు సార్," అన్నాడు గార్డు. "ఏ ఇంటికంటే చెప్పరు. కుండ దించి రిజిస్టర్ల వేలుముద్ర ఏయమంటే ఏస్తలేదు."

"యాడ దించాలె బిడ్డా?" అంది ఆవిడ. "ఇంట్ల ఎత్తిన బోనం తల్లి ముంగటనే దించాలె. నడిమిట్ల దించితే ఇగ గది బోనమా? అన్నం కుండ!"

"పొద్దటి సంది మంచినీళ్లు గూడ ముట్టలె మా అత్త," అంది కోడలు. "దీపంల నూనె అయిపోతాంది సారూ, జెర జల్దీ చెయ్యండ్రి."

"రెండు నిమిషాలమ్మా," అని మర్యాదగా ఫోను తీశాను. వచ్చిందెవరో చెప్పడానికి అందులో నాలుగు గళ్లే ఉన్నాయి: అతిథి, పనిమనిషి, డెలివరీ, క్యాబు. ఆలోచించి డెలివరీ నొక్కాను. ఏ ఇంటికని అడిగితే నా ఇంటి నంబరు కొట్టాను. తర్వాత ఫొటో అడిగింది.

"కొంచెం ఇటు చూడమ్మా," అన్నాను ఫోను ఎత్తి.

నెత్తిన బోనంతో ఆవిడ మెడ తిప్పలేదు. కళ్లు మాత్రం నా వైపు తిప్పింది.

"ఏంది సారూ, మీరొచ్చిననాడు మిమ్ముల గిట్ల ఎవలన్న ఆపిండ్రా?"