పెద్దడాక్టరు పెట్టిన మనశ్శాంతి తరగతి

పత్తికొండ దిక్కున ఒక ఆసుపత్రిలో నేను నర్సుగా ఉన్నప్పుడు మాకొక పెద్దడాక్టరు ఉండేవాడు. ఏం జరిగినా అరచేతులు రుద్దుకుంటూ వచ్చి, "దీంట్లో మనమేం నేర్చుకున్న్యాం?" అనేవాడు. మందులు అయిపోయినా అదే మాట, మనిషి పోయినా అదే మాట. జవాబు వినే ఓపిక మాత్రం ఏనాడూ లేదు. ఆయన్ని మంచివాడనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ ఆయన కింద పనిచేయలేదు.

సిబ్బంది అలసిపోతున్నారని పైవాళ్లెవరో అంటే మాకు మనశ్శాంతి తరగతి పెట్టాడు. చాపలు పరచడానికి చోటు చాలదని మా విశ్రాంతి గదిలోని రెండు మంచాలూ తీయించాడు. అందులో ఒకటి ఆయన గదికే చేరింది. మధ్యాహ్నాలు దాని మీద గురకపెట్టేవాడు.

ఒకసారి టమోటాల లారీ బోల్తా పడితే, దెబ్బలు తగిలిన కూలీలకు రాత్రంతా కట్లు కట్టాం. తెల్లవారి డ్యూటీ దిగిన మమ్మల్ని ఇళ్లకు పోనివ్వకుండా చాపల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమన్నాడు. నా పక్కనున్న పెద్ద నర్సు అట్లాగే నిద్రపోయి నా భుజం మీద వాలింది.

"చూడండి, ఈయమ్మ ధ్యానం ఎంత లోతుకు పోయిందో," అని ఆయన మురిసిపోయాడు. ఆమెను తట్టి లేపి, అరచేతులు రుద్దుకున్నాడు. "చెప్పమ్మా, ఏం నేర్చుకున్న్యావు?"

"మంచాలు లేవు గదా సార్, కూచ్చోని నిద్రపోయేది నేర్చుకున్న్యా," అందామె.

ఆయన మా అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. మరుసటి వారం నుంచి తరగతిని ఇంకో అరగంట పెంచాడు.