మా అమ్మాయి స్కేటింగ్ మానేసిన ఏడాది

2016 చలికాలంలో మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. అప్పటికే ఫిగర్ స్కేటింగ్‌లో రెండుసార్లు న్యూజీలాండ్ తరఫున విదేశాలకు వెళ్లి వచ్చింది. ఎనిమిదో ఏట స్నేహితురాలి పుట్టినరోజుకని ఐస్ రింక్‌కు తీసుకెళ్తే, ఇక ఆ మంచును వదల్లేదు. హెండర్సన్‌లోని మా ఇంటి నుంచి తెల్లవారుజామున ఐదింటికి నేనే డ్రైవ్ చేసేదాన్ని. జనం రాకముందే ప్రాక్టీసు అయిపోవాలి. నేను దుప్పటి కప్పుకుని, మిగతా తల్లులతో కబుర్లు చెబుతూ బెంచీ మీద కూర్చునేదాన్ని. పదకొండేళ్లు అలాగే గడిచాయి.

ఆ ఏడు మార్చిలో, గాల్లో మూడు చుట్లు తిరిగి దిగబోతూ పడిపోయింది. తుంటికి ఆపరేషన్ అయింది. నాలుగు నెలల తర్వాత డాక్టరు, మళ్లీ పోటీల్లో దిగొచ్చనీ, దిగాలో వద్దో తనే తేల్చుకోవాలనీ అన్నాడు. కోచ్ కూడా ఒత్తిడి చేసే మనిషి కాదు. జాతీయ పోటీలకు పేరు ఇవ్వడానికి రెండు వారాల గడువుంది.

"దాన్ని వదిలెయ్, అదే చెప్తది" అన్నారు మావారు. నేను వదల్లేదు. ఒక శనివారం అది వంటింట్లో నాకు ఉల్లిపాయలు తరిగిపెడుతుంటే అడిగాను.

"పేరు ఇస్తున్నవా బిడ్డా?"

"లేదమ్మా. ఐ యామ్ డన్."

"నొప్పి ఉన్నదా?"

"ఉంది. కానీ అందుకు కాదు. లాస్ట్ ఇయరే ఆపేద్దాం అనుకున్నా."

"మరెందుకు ఆపలే?"

కత్తి పక్కన పెట్టింది. "ఆపేస్తే నువ్వేం చేస్తవో తెలియలేదు. నీ ఫ్రెండ్స్ అందరూ రింక్‌లోనే కదా."

ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లు తెల్లారకముందే లేచింది నీ కోసమే కదా అనబోయాను. అంతలో తట్టింది, మార్చిలో అది పడిన రోజు నా కోసం మంచు మీదికి వెళ్లిందని. స్టవ్ కట్టేసి కుర్చీలో కూర్చున్నాను.

"నాకు చెప్పాల్సింది."

"చెప్తే ఇంకొక్క సంవత్సరం అనేదానివి."

నిజమే, అనేదాన్నే.

సోమవారం ఇద్దరం వెళ్లి కోచ్‌కు చెప్పాం. ఆవిడ దాన్ని దగ్గరికి తీసుకుంది. లాకర్ ఖాళీ చేస్తుంటే ఏడ్చింది నేనే.

జాతీయ పోటీలు చూడటానికి ఒక్కదాన్నే వెళ్లాను. దానితో కలిసి ప్రాక్టీసు చేసిన అమ్మాయి గెలిచింది. ఇంటికొచ్చి చెప్పాను.

"జంప్‌లన్నీ క్లీన్‌గా దిగిందా?"

"దిగింది."

"గుడ్" అని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను తట్టలేదు.

మరుసటి ఫిబ్రవరిలో ఫిజియోథెరపీ చదవడానికి దేశానికి దక్షిణాన ఉన్న డునెడిన్ వెళ్లింది. అక్కడి చలికి తుంటి సలుపుతుందట. అడిగితే తప్ప చెప్పదు. అందుకని ప్రతి ఆదివారం ఫోన్‌లో ముందు ఆ సంగతే అడుగుతాను.